ఫీజు పెంచుతున్నాం, ఫోన్లో లైవ్ మాత్రం ఇవ్వం

మా డేకేర్ అమ్మానాన్నలందరికీ నమస్కారం.

2025 ఆగస్టులో నోయిడాలోని ఒక డేకేర్‌లో పదిహేను నెలల పాపను అక్కడి పనమ్మాయి కొట్టి, కొరికిన వీడియో చూసినప్పటి నుంచి మీలో చాలామంది ఒకటే అడుగుతున్నారు: "మేడమ్, కెమెరా లైవ్ మా ఫోన్లకి ఇవ్వొచ్చు కదా?"

ఇవ్వం. ఆ గదిలో మీ పాప ఒక్కతే ఉండదు. డైపర్లు మార్చేదీ, స్నానం చేయించి బట్టలు వేసేదీ అక్కడే. ఒకరి బిడ్డ అందరి ఫోన్లలోనూ కనబడటం నాకు ఇష్టం లేదు. ఎవరైనా రికార్డు చేసి పంపితే ఆపేదెవరు? ఏ చిన్న అనుమానం వచ్చినా వచ్చేయండి, ఆఫీసులో కూర్చుని ఆ రోజు ఫుటేజీ మొత్తం చూసుకోండి.

2016 నవంబరులో నవీ ముంబై ఖార్ఘర్‌లో పది నెలల పాపను ఆయా కొట్టిన కేసు కొందరికి గుర్తుండే ఉంటుంది. అక్కడా కెమెరా ఉంది, నోయిడాలోనూ ఉంది. రెండుచోట్లా ఒంటి మీద దెబ్బలు అమ్మ కంటపడ్డాకే ఫుటేజీ తీశారు. కెమెరా సాక్ష్యం చెప్తుందే గానీ చెయ్యి పట్టుకుని ఆపదు.

అసలు టెన్షన్ వేరే ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నరకి చిన్నపిల్లల గదిలోకి వచ్చి చూడండి. ఒకడు నోట్లో పెట్టిన పప్పన్నం ఉమ్మేస్తుంటాడు, ఇంకొకడికి డైపర్ నిండిపోయి ఉంటుంది, నిద్ర ముంచుకొచ్చిన పాప కళ్లు నలుపుకుంటూ ఏడుపు లంకించుకుంటుంది. ఎనిమిది మందికి ఒక్క ఆయమ్మ ఉంటే, ఎంత మంచి మనిషికైనా ఓపిక చస్తుంది. రెక్క పట్టుకుని లాగడం, నోట్లో ముద్ద కుక్కడం అప్పుడే మొదలవుతాయి. కొట్టకపోయినా, కుర్చీకి బెల్టు పెట్టి ఎదురుగా ఫోన్ పెట్టేసి గంటలు గడిపేసే చోట్లున్నాయి. దానికి మచ్చ పడదు కాబట్టి ఇంట్లో తెలియదు. అందుకే పాప రోజూ ఒరిపిడితో ఎర్రబడిన తొడలతో, ఆకలితో ఇంటికొస్తుంటే ఎక్కడైనా సరే మొహమాటపడకుండా అడగండి. మమ్మల్నీ అడగండి.

అందుకని రెండేళ్లలోపు వాళ్ల గదిలో ఇకపై నలుగురికి ఒక ఆయమ్మ. కొత్త అడ్మిషన్లు ఆపేశాం. ఫీజు నెలకి 1,500 పెరుగుతుంది. ఎక్కువ భాగం జీతాలకే. అపార్ట్‌మెంట్లలో రెండిళ్లు వంటకి ఒప్పుకుంటే ఇక్కడికన్నా ఎక్కువ వస్తుందని మంచి ఆయమ్మలు వెళ్లిపోతున్నారు. కొంత అద్దెకి కూడా పోతుంది, దాచడం ఎందుకు.

గేటుకి తాళం బయటివాళ్ల కోసం, మీ కోసం కాదు. ముందు ఫోన్ చేయక్కర్లేదు. పిల్లలు పడుకునే టైమైతే చెప్పులు విప్పి మెల్లగా రండి, అంతే. "పేరెంట్స్ లోపలికి రాకూడదు" అనే డేకేర్‌లో నేనైతే నా బిడ్డను వదలను.

ఇంకో మాట. రెండేళ్ల పిల్లలు ఒకళ్లనొకళ్లు కొరుక్కుంటారు. అలా జరిగితే ఆ పూటే ఫోన్ చేసి చెప్తాం, సాయంత్రం దాకా ఆగం. పొద్దున వచ్చేటప్పుడే ఒంటి మీద గాయం ఉంటే మిమ్మల్నీ అడిగి రాసుకుంటాం, నొచ్చుకోకండి.

చట్టం కూడా చెప్పాలి. పిల్లల సంరక్షణ కోసం పెట్టుకున్న మనిషే వాళ్లని హింసించినా, పట్టించుకోకుండా వదిలేసినా, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు కఠిన జైలు, 5 లక్షల దాకా జరిమానా. మా స్టాఫ్‌లో ఎవరైనా పిల్లల మీద లైంగిక నేరం చేశారని తెలిసీ నేను పోలీసులకు చెప్పకపోతే, పోక్సో చట్టం ప్రకారం నాకూ ఏడాది వరకు జైలు పడొచ్చు. కాబట్టి "పరువు పోతుంది, మనలో మనం తేల్చుకుందాం" అని ఎవరూ, మా స్టాఫైనా మీరైనా, నన్ను అడగొద్దు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 గేటు పక్కనే పెద్దక్షరాలతో రాయించాం.

కొత్త ఫీజు వచ్చే నెల ఒకటి నుంచి. కుదరని వాళ్లు ఈ నెల 25లోపు చెప్పండి, డిపాజిట్ మొత్తం తిరిగి ఇచ్చేస్తాం.