గొట్టం సరే, మౌంట్ సంగతేంటి?

సంపాదకులకు,

మీ సైన్స్ పేజీలో ఆకాశం ఫొటోల మీద వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. కానీ టెలిస్కోప్ గురించి, కెమెరా గురించి అంత రాసినవాళ్లు, వాటిని మోసే మౌంట్‌ని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నేనూ మొదట్లో అలాగే అనుకుని దెబ్బతిన్నాను, అందుకే ఈ ఉత్తరం.

750 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోప్ గొట్టం కొని, దాంతోపాటు వచ్చిన పల్చటి మౌంట్ చాలనుకున్నాను. ఫోకస్ నాబ్‌ని వేలితో ముట్టుకుంటే చాలు, స్క్రీన్ మీద నక్షత్రం నాలుగైదు సెకన్లు గిలగిలా కొట్టుకునేది. నిమిషం ఎక్స్‌పోజర్ పెడితే చుక్కలన్నీ గీతలే. చాలా రోజులు కెమెరాని తిట్టుకున్నాను, పాపం.

లెక్క చూస్తే విషయం తెలిసిపోతుంది. భూమి తిరగడం వల్ల ఆకాశం గంటకి 15 డిగ్రీలు, అంటే సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) జరుగుతుంది. నా గొట్టంతో కెమెరాలో ఒక్కో పిక్సెల్‌కి వచ్చేది ఒక ఆర్క్‌సెకను పైచిలుకే. మౌంట్ ఆకాశం వెంట తిరగకపోతే ఒక్క సెకనులోనే చుక్క పదికి పైగా పిక్సెళ్లు దాటేస్తుంది.

పైకీ కిందకీ, పక్కలకీ తిరిగే ఆల్ట్-అజిమత్ మౌంట్ చంద్రుడికీ గ్రహాలకీ బాగానే పనికొస్తుంది, అక్కడ ఎక్స్‌పోజర్లు చాలా చిన్నవి కదా. నెబ్యులాలు, గెలాక్సీలు కావాలంటే మాత్రం, మోటార్ ఉన్నా సరే, ఎక్స్‌పోజర్ పెంచేకొద్దీ ఫ్రేమ్ మెల్లగా తిరిగిపోయి అంచుల్లో చుక్కలు సాగుతాయి. అందుకే ఈక్వటోరియల్ మౌంట్. దాని ఒక ఇరుసుని భూమి ఇరుసుకి సమాంతరంగా పెట్టాలి. ధ్రువ నక్షత్రానికి గురిపెడితే అయిపోయిందనుకోకండి, అది ఆకాశపు అసలు ధ్రువానికి అర డిగ్రీ పైచిలుకు దూరంలో ఉంటుంది.

ఇక బరువు. డబ్బా మీద ఎన్ని కిలోలు మోస్తుందని రాసినా, ఫొటోలకి అందులో సగమే నమ్మడం మంచిది, ఆ సగంలోనే కెమెరా, గైడ్ స్కోప్ (ఒక చుక్కని గమనిస్తూ మౌంట్ తప్పుల్ని సరిచేయించే చిన్న టెలిస్కోప్), రింగులు, కేబుళ్లు అన్నీ రావాలి. కౌంటర్‌వెయిట్ (తూకం కోసం రెండోవైపు పెట్టే బరువు) అక్కర్లేని కొత్తరకం హార్మోనిక్ మౌంట్లు తేలిగ్గా ఉంటాయి, ముచ్చటేస్తుంది కూడా, కానీ గైడ్ స్కోప్‌తో సరిచేసుకునే గైడింగ్ లేకుండా వాటితో పొడవైన ఎక్స్‌పోజర్లు కష్టం.

నన్నడిగితే కొత్తవాళ్లు గొట్టం జోలికే పోకుండా, చిన్న స్టార్ ట్రాకర్ (కెమెరాని ఆకాశం వెంట తిప్పే బుల్లి మౌంట్) మీద 135 మి.మీ. లెన్స్ పెట్టుకుంటే హాయి. అదే కెమెరాలో పిక్సెల్‌కి ఆరున్నర ఆర్క్‌సెకన్లు వస్తాయి కాబట్టి గేర్ల తప్పులు పెద్దగా కనపడవు, మూడు డిగ్రీల ఆండ్రోమెడా గెలాక్సీ ఫ్రేమ్‌లో మొత్తం పడుతుంది. నా మొదటి మంచి ఫొటో అలా వచ్చిందే, పెద్ద గొట్టం అప్పటికి మంచం కింద ఉంది.

ఈసారి వ్యాసం వేసినప్పుడు టెలిస్కోప్ బొమ్మని నడుం దగ్గర కత్తిరించకుండా, కింద ట్రైపాడ్ కాళ్లదాకా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు