పిచ్ వేరు, మైదానం వేరు

సంపాదకుడు గారికి,

అభిమాని ఎవరైనా బౌండరీ తాడు దాటితే చాలు, ‘పిచ్‌లోకి దూసుకొచ్చాడు’ అని పత్రికల్లో వస్తోంది. ముప్పై ఏళ్లు బడిపిల్లలను ఆడించినవాణ్ని, ఈ మాట దగ్గర మనసు ఒప్పుకోదు.

క్రికెట్‌లో పిచ్ అంటే 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న నడిమి పట్టీ. చుట్టూ ఉన్న గడ్డి నేల ఔట్‌ఫీల్డ్. అంతా కలిస్తే మైదానం. వాన రాగానే ముందు కవర్లు కప్పేది పిచ్ మీదే. అది పొడిగా ఉన్నా, ఔట్‌ఫీల్డ్‌లో నీళ్లు ఇంకక ఆట రద్దయిన రోజులు ఎన్నో. అప్పుడు ‘పిచ్ తడి వల్ల’ అని రాస్తే వార్తే తప్పు. ఒండ్రు నేల మీద, కాలవ గట్ల పక్కన ఆడే మా కోనసీమ పిల్లలకు ఈ తేడా బాగా తెలుసు.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మైదానం మొత్తాన్నీ పిచ్ అంటారు, నిజమే. కానీ తెలుగులో ఆ మాట క్రికెట్‌తోనే వచ్చింది, క్రికెట్ పట్టీకే స్థిరపడింది. ఫుట్‌బాల్‌కు మైదానం అన్నా, గ్రౌండ్ అన్నా అందరికీ తెలుస్తుంది. కబడ్డీకి ‘బరి’ అనే చక్కటి మాట ఉంది. మా వైపు అది సంక్రాంతి కోడిపందేలకే మిగిలిపోతోందని బాధగా ఉంటుంది.

మాటే కదా అనుకోవద్దు. మా ఊళ్లో ‘బడికి పిచ్ మంజూరైంది’ అంటే గ్రౌండ్ బాగుచేస్తారని అందరం సంతోషించాం. మెరక తోలిస్తారు, వర్షాకాలం నీళ్లు నిలవవు అనుకున్నాం. తీరా చూస్తే ఉన్న కాస్త స్థలం నట్టనడుమ సిమెంటు పట్టీ పోసి వెళ్లారు. ఖోఖోకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు మెత్తటి నేల కావాలి. ఇప్పుడు ఆ చోటు లేదు. ఆడపిల్లలు పరుగెత్తి ఆ సిమెంటు మీద పడి మోకాళ్లు చీరుకుపోతుంటే ఖోఖో మానిపించాల్సి వచ్చింది. మంజూరైంది ఏమిటో ముందే తెలిస్తే, పట్టీని ఓ పక్కకు వేయమని గ్రామసభలోనే అడిగేవాళ్లం.

అందుకే మీకు నా విన్నపం: ‘పిచ్’ అని క్రికెట్ పట్టీకే రాయండి. ఊళ్లకు మంజూరైన పనుల వార్తల్లో ఆ మాట వస్తే, పక్కనే పొడవు, వెడల్పు కూడా వేయండి.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
అమలాపురం దగ్గర ఒక గ్రామం