గాలి మీటర్ లోపల ఏ సెన్సార్ ఉందో కూడా రాయండి

సంపాదకులు గారికి,

ఈమధ్య గాలి నాణ్యత మీటర్లు తెగ అమ్ముతున్నారు, అట్టపెట్టె మీద కార్బన్ డయాక్సైడ్, దుమ్ము, కొన్నిటి మీదైతే వైరస్ కూడా పట్టేస్తుందని రాసేస్తున్నారు, లోపల ఏముందో మాత్రం ఎవరూ చెప్పట్లేదండి. అసలైన కార్బన్ డయాక్సైడ్ మీటర్ వెలుతురుతో కొలుస్తుంది, ఆ గ్యాస్ 4.26 మైక్రోమీటర్ల దగ్గర ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా పీల్చుకుంటుంది కాబట్టి ఒక చివర లైటు, ఇంకో చివర డిటెక్టర్ పెట్టి మధ్యలో ఎంత తగ్గిందో చూస్తారు. చాలా చవక మీటర్లలో ఇది ఉండదు, వేరే ఆవిర్లు చూసి ఏదో అంకె అంచనా కట్టేస్తాయి. పక్కన శానిటైజర్ మూత తీస్తే చాలు, రీడింగ్ అమాంతం పైకి. అందులో ఉన్నది ఆల్కహాల్ కదా!

దుమ్ము సెన్సార్‌ది ఇంకో కథ. లేజర్ వెలుగు కణాల మీద పడి ఎంత చెదిరిందో దాన్నిబట్టి లెక్క, అది పుప్పొడో పొగో ఫంగస్ బీజమో దానికి తెలీదు, పొగమంచు పట్టినరోజు నీటి తుంపర్లని కూడా దుమ్ము ఖాతాలోనే వేసేస్తుంది. జీవసంబంధమైన కణాల్ని విడిగా పట్టాలంటే అల్ట్రావయొలెట్ వేసి వాటిలోని ట్రిప్టోఫాన్ (ప్రోటీన్లలో ఉండే ఒక పదార్థం) లాంటివి మెరుస్తాయా అని చూడాలి, ఆ పరికరాలు ఎక్కువగా రీసెర్చ్ వాళ్ల దగ్గర ఉంటాయి, ఆ మెరుపొక్కటే చూసి ఇది ఫలానా వైరస్ అని అవి కూడా చెప్పలేవు.

మీ టెక్నాలజీ పేజీలో రివ్యూ వేసేటప్పుడు లోపల ఎన్‌డీఐఆరా (పైన చెప్పిన ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి), ఫొటోఎకౌస్టికా (వెలుగు పీల్చుకున్న గ్యాస్ చేసే శబ్దాన్నిబట్టి కొలిచేది), ఉత్త అంచనానా అన్నది ఒక్క లైను రాయండి. వైరస్ యాడ్ వేసేముందైతే టెస్ట్ రిపోర్ట్ అడగండి ప్లీజ్.

ఇట్లు,
మీ పాఠకుడు