పోస్టుమార్టంలో తీసినవి ఏమవుతున్నాయి?

సంపాదకుని గారికి,

పొలంలో కుప్పకూలి చనిపోయిన మా బాబాయికి ఓ ప్రభుత్వాసుపత్రిలో పోస్టుమార్టం చేశారు. కడుపు, కాలేయం, మూత్రపిండాల ముక్కలు తీసి, ఉప్పునీళ్ల సీసాల్లో పెట్టి, సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబుకు పంపారట. అవసరమే, కాదనం. కానీ దహనం అయ్యాక ఎప్పుడో కానిస్టేబుల్ మాటల్లో గానీ మాకు తెలియలేదు. పరీక్ష అయిపోయాక వాటిని ఏం చేశారని మా పిన్ని ఇప్పటికీ అడుగుతోంది. చెప్పే దిక్కు లేదు.

ఇంగ్లండ్‌లో లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రిలో చనిపోయిన పసివాళ్ల అవయవాలను కన్నవాళ్లకు తెలియకుండా ఉంచేసుకున్నారని 2001లో విచారణ నివేదిక బయటపెట్టింది. కొందరు తల్లిదండ్రులు ఒక్క బిడ్డకే రెండోసారి అంత్యక్రియలు చేయాల్సి వచ్చింది. ఎంత గుండెకోత! దాంతో 2004లో అక్కడ మానవ కణజాల చట్టం వచ్చింది. కరోనర్ (అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే అధికారి) ఆదేశించిన పరీక్షకు ఇంటివాళ్ల సమ్మతి అక్కర్లేదు. ఆ పని ముగిశాక కణజాలాన్ని పరిశోధనకు ఉంచుకోవాలంటే మాత్రం తప్పనిసరి.

మన దేశంలో 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టంలో 2011లో కణజాలాన్నీ చేర్చారు గానీ, అది అవయవ మార్పిడికి సంబంధించినది. ఏం తీశారు, ఎక్కడికి పంపారు, చివరికి ఏం చేస్తారు అన్నది రాసిన తెలుగు కాగితం ఒకటి మృతదేహంతో పాటే ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలి. ఆరోగ్య, హోం శాఖలు కలిసి వెంటనే ఉత్తర్వు ఇవ్వాలి.

– ఒక పాఠకుడు, తెనాలి