ఆయిల్ ఇంజన్ తెచ్చిన అన్నకు కృతజ్ఞతలు

మా అమ్మమ్మ, ఊరందరికీ పాస్టరమ్మగారు, 91 ఏళ్ళు నిండు జీవితం గడిపి పోయిన నెలలో ప్రభువునందు నిద్రించింది. భూస్థాపన రోజు తెల్లవారుజాము నుంచీ ఒకటే వాన, తవ్విన గుంట నిండా నీళ్ళు, పెట్టె చర్చిలో ఉంది, చుట్టాలంతా వచ్చేశారు, మాకేమో టెన్షన్. అప్పుడు మీరు ట్రాక్టర్ మీద ఆయిల్ ఇంజన్ వేసుకొచ్చి, మోకాలి లోతు బురదలో దిగి, పైపు చేత్తో పట్టుకుని నీళ్ళన్నీ తోడించి, అడుగున పొడి ఇసుక కూడా పరిచారు. డీజిల్ డబ్బులిస్తే తీసుకోలేదు. చిన్నప్పుడు పాస్టరమ్మగారి చేతి అన్నం తిన్నానన్నారు, అంతే.

నిజమే, తాతయ్య జీతం అంతంతమాత్రమే అయినా ఆదివారం ఆరాధన అయ్యాక పప్పుచారన్నం పెట్టకుండా ఎవర్నీ పంపేది కాదు. 1878లో ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా, వాళ్ళలో తన ముత్తాత కూడా ఉన్నాడని గర్వంగా చెప్పేది. ఆరుగురు పిల్లల్ని పెంచింది. రాత్రి కుటుంబ ప్రార్థన ఎవర్నీ మాననివ్వలేదు.

అన్నా, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయారు. మా కుటుంబమంతటి తరఫున మీకు వందనాలు. జ్ఞాపకార్థ కూడికకు ఇంటిల్లిపాదీ తప్పకుండా రండి.