జిగ్గీని వరస తప్పకుండా విను

ఒరేయ్ రవీ,

మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా ఒకే కథ నడిచే ఆల్బమ్ చెప్పమన్నావుగా. ఇంగ్లిష్ గాయకుడు డేవిడ్ బౌవీ 1972లో తెచ్చిన జిగ్గీ స్టార్‌డస్ట్‌తో మొదలుపెట్టరా. ఒక రాక్ గాయకుడు ఆకాశానికెక్కి కుప్పకూలిపోయే కథ. 11 పాటలు, 40 నిమిషాల లోపే అయిపోతుంది.

ముందు ఫోన్‌లో షఫుల్ (పాటల వరస కలిపేసేది), క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదట్లోకి కలిపేసేది) రెండూ ఆపెయ్. కథ మాటల్లో సగమే ఉంది, మిగతా సగం పాటల వరసలో ఉంది. అన్నీ ఈ కథ కోసమే పుట్టినవి కావు మరి. ఐదో పాట వేరేవాళ్లు రాసింది, పైగా ముందు ఆల్బమ్ రికార్డింగప్పటిది. నాలుగోదైన 'స్టార్‌మాన్' చిట్టచివర వచ్చి చేరింది. సింగిల్‌గా, అంటే విడిగా అమ్మడానికి ఒక పాట కావాలని రికార్డు కంపెనీ అడిగితే, పాత రాక్ గాయకుడు చక్ బెర్రీ పాట ఒకటి తీసేసి దీన్ని పెట్టారు. ఇది లేకపోతే కథలో ఆశ అనేదే ఉండదు!

సౌండ్ బాగా పెంచు, అట్ట మీదా అదే రాశారు. తక్కువ పెడితే మొదటి పాట 'ఫైవ్ ఇయర్స్' మొదట్లో మెల్లగా పైకొచ్చే డ్రమ్స్ చెవికి అందవు. భూమికి ఇంకా ఐదేళ్లే ఉందన్న కబురు ఆ దరువు మీదే వస్తుంది.

ఆరో పాటతో ఎల్పీ రికార్డు రెండో వైపు మొదలు. ఎదుగుదలంతా మూడు పాటల్లో చకచకా అయిపోతుంది. తొమ్మిదోది జిగ్గీ పేరున్న పాట, దాని దగ్గరే చెవి రిక్కించు. చెబుతున్నది జిగ్గీ కాదు, అతని బ్యాండులోవాడు. అదీ జరిగిపోయిన సంగతిలా చెబుతాడు. పతనాన్ని మనకు చూపించరు, అయిపోయిందని చెప్తారంతే. ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే చోటు అదేరా. అది ముగుస్తూనే పదో పాట 'సఫ్రజెట్ సిటీ' మీద పడుతుంది. క్రాస్‌ఫేడ్ ఉంటే ఆ దెబ్బ మెత్తబడిపోతుంది. అందులో శాక్సఫోన్‌లా మోగేది శాక్సఫోన్ కాదు, బౌవీ గిటారిస్టు మిక్ రాన్సన్ వాయించిన ఏఆర్‌పీ సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యం). మధ్యలో పాట అయిపోయినట్టు ఆగుతుంది, తొందరపడి ముందుకు జరపకు.

చివరిది ఒంటి గిటార్‌తో మొదలై, బాకాలూ వయొలిన్లూ చేరి ఉప్పెనవుతుంది. మొదటి పాటలాగే ఇదీ మన లెక్కలో తిశ్ర నడకే, అంటే మూడేసి దెబ్బల లయ. ఆఖరున వయొలిన్ల తీగలన్నీ ఒక్కసారి మోగి ఆగిపోతాయి. అక్కడ ఆపెయ్. 1990 సీడీలో దాని తర్వాత అదనపు పాటలు తగిలించారు. నీకు అలాంటిదే దొరికితే 11 దాకానే ప్లేలిస్టులో పెట్టుకో.

విన్నాక రాయి. ముఖ్యంగా తొమ్మిదో పాట ఎలా అనిపించిందో చెప్పు.

నీ
శ్రీను