కొమాలో మన నడక

తల్లిదండ్రులకు నమస్కారం.

అక్టోబరు మొదటి ఆదివారం మన ఆదివారం బడి ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని టోక్యో పక్కనే ఉన్న సైతామా జిల్లాలోని కొమాకి, అక్కడ ఏటి ఒడ్డున ఉండే కిన్‌చకుద పూల మైదానానికి తీసుకెళ్లి వచ్చాం. పిల్లలు 22 మంది, పెద్దలు 9 మంది. అందరూ క్షేమంగా ఇళ్లకు చేరారు. రాలేకపోయినవాళ్ల కోసం, వచ్చి కూడా ఫోన్ కెమెరాలోంచే సగం చూసినవాళ్ల కోసం ఈ ఉత్తరం.

"కిన్‌చకుదలో ఎర్రపూలు సెప్టెంబరు చివరికే అయిపోతాయి కదా మేడం, వాడిపోయాక తీసుకెళ్తారేంటి?" అని ముగ్గురు ఫోన్ చేశారు. కావాలనే తీసుకెళ్లాను. హిగన్‌బనా అనే ఆ ఎర్రపూలు పూసే రోజుల్లో అక్కడ తిరనాళ్లే. ఆ జనంలో ఆరేళ్ల పిల్లకి కనిపించేది పెద్దవాళ్ల నడుములు, హ్యాండ్‌బ్యాగులు. మేం వెళ్లేసరికి చెట్ల నీడన ఎర్రపూలు అక్కడక్కడా మిగిలి ఉన్నాయి, ఎండలో కాస్మోస్ పూలు విచ్చుకున్నాయి. ఆ ఎర్రపూల దుంప విషం. ఎలుకల్లాంటివి గట్లు తవ్వకుండా జపాన్ రైతులు పొలం గట్ల మీద నాటేవారు. సరిగ్గా పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, ఇక్కడివాళ్లు పోయిన పెద్దల సమాధుల దగ్గరికి వెళ్లే వారంలో పూస్తుంది. మనకి మహాలయ పక్షాలు కూడా ఇంచుమించు అప్పుడే వస్తాయి. ఈ మాట ఒక అమ్మమ్మగారు అన్నారు, నాకు తట్టలేదు.

ముందుగా టోపీల సంగతి. లేత రంగు టోపీలే పెట్టమని, సెంటు కొట్టొద్దని మెసేజ్ పెడితే కొందరు నవ్వుకున్నారని విన్నాను. అక్టోబరులో సుజుమెబచి కందిరీగలు మంచి కోపం మీద ఉంటాయి. నలుపు మీదికి వస్తాయి, ఘాటు వాసనకి వస్తాయి. మన పిల్లల జుట్టు ఎలాగూ నలుపే కదా, కనీసం పైన తెల్లటోపీ ఉండాలి.

స్నాక్స్‌కి ఇక్కడి బళ్లలాగే 300 యెన్లు హద్దు పెట్టాను. "అరటిపండు స్నాక్స్ లెక్కలోకి వస్తుందా టీచర్?" అన్నది జపాన్ పిల్లల పాత ప్రశ్న, ఇక్కడ అందరికీ తెలిసిన జోకు. మనకి వచ్చిన ప్రశ్న వేరు: "ఇంట్లో చేసిన చక్రాలకి ధర ఎలా వేయాలి మేడం?" గుప్పెడు దాటకూడదని తీర్పు చెప్పాను. ఎవరి గుప్పెడో చెప్పకపోవడం నా తప్పు.

టోక్యోలోని ఇకెబుకురో నుంచి హన్నో దాకా రైల్లో పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. హన్నోలో బండి మారాక, అది వచ్చిన దిక్కుకే బయలుదేరింది. "టీచర్, ఇంటికి వెళ్లిపోతున్నాం!" అని ఒకడు ఏడుపందుకున్నాడు. అక్కడ పట్టాలే అలా ఉన్నాయి. కొమాలో దిగగానే స్టేషన్ ముందు కోరలు బయటపెట్టిన రెండు ఎత్తైన స్తంభాలు. ఊరికి అడ్డంగా నిలబడి చెడుని ఆపే కొరియా దేవతలు, మన పొలిమేర దేవతల్లాగే. కొరియాలోని పాత కొగుర్యో రాజ్యం నుంచి వచ్చిన 1,799 మందిని 716లో ఇక్కడ స్థిరపరిచారు, కొమా అన్న పేరు వాళ్లదే అని నేను మొదలుపెట్టాను. పిల్లలు కోరలు లెక్కపెట్టుకుంటున్నారు. ఒక నాన్నగారు మాత్రం దగ్గరికొచ్చి, "వాళ్ల భాష ఎన్ని తరాలు నిలిచింది మేడం?" అని నెమ్మదిగా అడిగారు. జవాబు చెప్పేలోపు ముందు వరస కదిలిపోయింది.

అక్కడి నుంచి ఏటి ఒడ్డుకి పెద్దవాళ్ల నడకన పావుగంట. మాకు 50 నిమిషాలు పట్టింది. దారిలో చీమలున్నాయి, కప్ప ఉంది, ఎదురైన ప్రతివాళ్లకీ చెప్పాల్సిన "కొన్నిచివా" ఉంది. వరి కోసి కట్టలుగా కట్టి వెదురు దండేల మీద తలకిందులుగా ఆరేసి ఉంటే, గోదావరి జిల్లా నాన్నగారొకరు "మా ఊళ్లో పనలు చేలోనే ఆరతాయి, వీళ్లు బట్టల్లా ఆరేశారే" అని నిలబడిపోయారు. ఆయన్ని కదిలించడానికి పిల్లల కంటే ఎక్కువ టైమ్ పట్టింది.

ఇక చెప్పక తప్పని విషయం. చెక్క వంతెన దగ్గర లెక్కపెడితే 21 మందే ఉన్నారు. నా కాళ్లు వణికాయి. రెండు నిమిషాలు వెనక్కి పరుగెడితే, గట్టు మీద మనవాడు గొంతుక్కూర్చుని మిడతని చూస్తున్నాడు. పక్కన పొలంలోని ముసలమ్మగారు కూడా అలాగే కూర్చుని, "ఇనాగొ, ఇనాగొ" అని దాని పేరు నేర్పుతున్నారు. తప్పు పూర్తిగా నాది. వరస చివర నడవాల్సిన వారిని గ్రూప్ ఫొటో తీయమని నేనే ముందుకి పిలిచాను. రెండు వారాల ముందు వెళ్లి దారంతా చూసొచ్చాం, టాయిలెట్లు ఎక్కడున్నాయో, ఫుట్‌పాత్ లేని మలుపులేవో రాసుకున్నాం, చివరి మనిషి కదలకూడదన్న రూలు మాత్రం రాసుకోలేదు. ఆ తర్వాత ఆగిన ప్రతి చోటా జతలుగా నిలబెట్టి, "ఇచ్చి, ని, సన్" (ఒకటి, రెండు, మూడు) అని పిల్లల చేతే చెప్పించాం. ఆ అబ్బాయి అమ్మగారికి ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను.

కొమా ఏరు లోతు తక్కువ. దాటడానికి రాళ్లు వేసి ఉన్నాయి. చాలామంది నాన్నలు పిల్లల్ని ఎత్తుకుని గబగబా దాటించేశారు. రెండో తరగతి పాప ఒకతి మాత్రం మూడో రాయి మీద ఆగిపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు. వాళ్లమ్మ ఇవతలి ఒడ్డున ఉన్నారు. వెళ్లబోయి, ఆగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. వెనక ఎవరో "తీసుకొచ్చేయండి ఆంటీ, ఆకలేస్తోంది" అన్నారు కూడా. ఆమె కదల్లేదు. పాప కూర్చుంది. నీళ్లలో వేలు పెట్టి చూసింది. లేచి నాలుగో రాయి మీదికి ఒక కాలు, తర్వాత రెండో కాలు వేసింది. అవతలి ఒడ్డుకి చేరేసరికి పులిహోర డబ్బాలు సగం ఖాళీ అయ్యాయి. పాప షూస్ విప్పి పట్టా మీద కూర్చుని, "నాకు మిగిల్చారా?" అనడిగింది, అంతే.

తిన్నాక ఒక నాన్నగారు చెత్తబుట్ట కోసం వెతుకుతుంటే, కొడుకు "చెత్త ఇంటికి తీసుకెళ్లాలి నాన్నా" అని బ్యాగులోంచి ఖాళీ కవరు తీసిచ్చాడు. ఇక్కడి బడికి రోజూ వెళ్లేది వాళ్లు కదా.

నీలం రంగు వాటర్ బాటిల్ ఒకటి (మీద రైలు బొమ్మ), ఎడమకాలి సాక్సు ఒకటి, స్టీలు డబ్బా ఒకటి ఆఫీసు గదిలో ఉన్నాయి. డబ్బాలో చక్రాలు మిగల్లేదు, వెతకొద్దు.

మళ్లీ మే నెలలో, నాట్ల వేళకి వెళ్దాం. దారి చూసి రావడానికి ఏప్రిల్‌లో ఇద్దరు కావాలి, మోకాళ్ల నొప్పులు లేనివాళ్లు. తోడు వచ్చే పెద్దలకి ఒకటే కండిషన్: ఎవరి పిల్లల గ్రూపులో వాళ్లని వేయను. ఒప్పుకునేవాళ్లు ఈ నెలాఖరులోగా పేరివ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు